జానెడు ఎడమకు

మా ముత్తాతకు తమిళదేశపు సముద్రం ఒడ్డున మూడు పడవలుండేవి. ఆయన రేవులో నడిచి వస్తుంటే ఉప్పు బస్తాల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. ఆయన కొడుకు, అంటే మా తాత, మానుకోటలో ఎండుచేపలకూ ఎండురొయ్యలకూ టోకు వ్యాపారి. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా మాకు అది మానుకోటే. ఇటు జనగామ అంగడి నుంచి అటు రేగొండ అంగడి దాకా తాత గోదాము సరుకు లేని బుట్ట ఉండేది కాదు. ఆయన కొడుకు, మా నాన్న, భూపాలపల్లిలో బొగ్గు బావులు తవ్వుతున్న రోజుల్లో ఐసు చేపల కొట్టు పెట్టాడు. నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి, మానేసి, రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఈ వరుస పైనుంచి చదువుతుంటే మెట్లు దిగుతున్నట్టు ఉంటుందని నాకు తెలుసు. నడుం వంచకుండా దిగాం, అంతవరకు చెప్పగలను.

పోయిన నెల మానుకోట ఇల్లు చూడటానికి కొనేవాళ్ళ తరఫున ఒక కుర్రాడు వచ్చాడు. వాస్తు చూస్తాడట. చేతిలో ఫోను, ఫోనులో దిక్సూచి. వాకిలి చూశాడు, వంటిల్లు చూశాడు, పెరట్లో బావి చూసి పెదవి విరిచాడు. నడిమింటి పక్కనున్న నమాజు గదిలోకి పోయి మాత్రం చాలాసేపు బయటికి రాలేదు. ఫోను గోడకు ఆనించాడు, నేల మీద పెట్టాడు, తిప్పాడు, దులిపాడు. చివరికి నన్ను పిలిచాడు.

"సార్, గిదేంది? ఇల్లు ఒక దిక్కున్నది, గీ గది ఇంకో దిక్కున్నది, లోపటి బండలేమో మూడో దిక్కున్నయ్. మేస్త్రి తాగి కట్టిండా?"

"తాగలేదు" అన్నాను. "ఎవరి దిక్కు వాళ్ళు చూసుకొనే కట్టారు."

అతను నా ముఖం చూసి ఇంక అడగలేదు. నా ముఖం అలాంటిదని మా బడి పిల్లలు కూడా అనేవారు. అతనికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మేము మరక్కాయర్లం. సముద్రం మీద సరుకు తిప్పి బతికిన తురకలం. ఇంట్లో మాది తమిళం, దాన్ని అరబ్బీ అక్షరాల్లో రాసుకొనేవాళ్ళం, వీధిలో తెలుగు, మసీదు మెట్ల మీద ఉర్దూ. ఈ జిల్లాల ముస్లింలు హనఫీ పద్ధతివాళ్ళు, మేము షాఫీలం. రెండూ పాత దారులే, తగువేమీ లేదు, తేడాలు చిన్నవి. కానీ మా తాతకు చిన్న తేడా అన్నది తెలియదు. మా లెక్కలో సాయంత్రం అసర్ నమాజు వేళ ఊరివాళ్ళకంటే గంటసేపు ముందే వస్తుంది. తాత నమాజు ముగించి, చాయ తాగి, గ్లాసు కడగడానికి ఇచ్చిన తర్వాత ఊరి మసీదులో అజాన్ వినబడేది. "ఇప్పుడు లేచినారు" అని తాత గొణిగేవాడు, ఊరంతా పొద్దుపోయేదాకా నిద్రపోయినట్టు. రంజాన్ నెలలో మా ఇంట్లో పెద్ద దేగిశాలో గంజి కాచేవాళ్ళు. బియ్యం, పెసరపప్పు, మెంతులు, వెల్లుల్లి, దించే ముందు కొబ్బరిపాలు. ఆ వాసనకు వీధి వీధంతా గిన్నెలు పట్టుకొని వచ్చేది. పక్క వీధి దొర ఇంటి నుంచి కూడా ఒక స్టీలు గిన్నె వచ్చేది, అయితే అది పనిమనిషి కొంగు చాటున వచ్చి కొంగు చాటునే పోయేది. ఊరి మసీదు ఇమాం సాబుకు మా రొయ్యల కూర మీద మనసు. వాళ్ళ పెద్దల్లో కొందరు రొయ్య చేప కాదు పురుగని సందేహించారట. ఆయన ఆ సందేహాన్ని మా గడప బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి వచ్చేవాడు. "సేటు సాబ్ ఇంట్ల ఉన్నంతసేపు గిది చేపనే" అనేవాడు, రెండోసారి వడ్డించుకుంటూ.

ఇక గది సంగతి. మా ముత్తాత మూడు పడవల యజమాని అన్నాను కదా, ఆయనకు సముద్రం పడేది కాదు. రేవు దాటితే వాంతులు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు, నాకు చాలా పెద్దయ్యాక తెలిసింది. పడవలు నడిపేది సారంగులు, ఆయన ఒడ్డున కూర్చొని సరుకు చూసుకొనేవాడు. స్టీమర్లు వచ్చి పడవల పని సన్నగిల్లాక, రైలు పట్టుకొని పైదేశం వచ్చి, మానుకోట స్టేషనుకు దగ్గరలో స్థలం కొని ఇల్లు కట్టాడు. వీధి ఎటుంటే ఇల్లు అటు కట్టాలి. నమాజు గది మాత్రం మక్కా వైపు, అంటే కిబ్లాకు, ఉండాలి. అందుకని ఇంటి లోపల ఆ ఒక్క గదినీ ఏటవాలుగా తిప్పి కట్టించాడు. దిక్కు చూడటానికి ఆయన దగ్గర ఒక టేకు చెక్క ఉండేది, దోసెడంత, మూడు మూలలది. పడవ దిక్సూచి ముల్లుకు దాని ఒక అంచు ఆనిస్తే రెండో అంచు మా రేవు మసీదు చూసే దిక్కును చూపించేది. తండ్రుల నాటి చెక్క. దాన్ని పట్టుబట్టలో చుట్టి, ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు.

లెక్కల మాస్టరుగా నేను గ్లోబు పెట్టి చూపించగలను. ఆ చెక్క మా రేవుకు కోసింది. అక్కడి నుంచి ఆరువందల మైళ్ళు ఉత్తరానికి వచ్చాక మక్కా అంత వాయవ్యంగా ఉండదు, ఇంకాస్త పడమటికి, అంటే అటు తిరిగి నిలబడ్డవాడికి ఎడమ చేతివైపు, జరుగుతుంది. సముద్రం మీద తిరిగినవాడు ఈ తప్పు చేయడు. ఒక్క రేవు తెలిసినవాడు, ఆ రేవును ప్రాణంగా చూసుకొనేవాడు చేస్తాడు. మా ముత్తాత ఆ గోడను ఎంత గట్టిగా కట్టించాడంటే, తర్వాత గోదాము గోడలు కూలాయి కానీ అది బీటలు వారలేదు.

మా తీరంలో ఇంకో ఆచారం ఉంది. పెళ్ళయ్యాక మొగపిల్లవాడే అత్తవారింటికి పోయి ఉంటాడు. ఇల్లు ఆడపిల్లది. ఇక్కడ దాన్ని ఇల్లరికం అని నవ్వుతారు, అక్కడ మొగుడి వెంట పోయిన పిల్లను చూసి నవ్వుతారు. అందుకే తాతకు పెళ్ళీడు వచ్చినప్పుడు, పడవలున్న ఇళ్ళవాళ్ళు ఎవరూ నీళ్ళు లేని దేశానికి పిల్లను పంపనన్నారు. చివరికి ఒప్పుకున్నది మా సొంత సారంగు. అంటే మా దగ్గర జీతానికి పడవ నడిపినవాడు. అలా వచ్చింది మా నానమ్మ. మాకు నాన్న అంటే వాప్పా, నాన్న తల్లి వాప్పుమ్మా, ఇక్కడ నానమ్మ అనే రాస్తాను. తాత పెళ్ళిదాకా రేవులో తల్లి ఇంట్లోనే పెరిగాడు, ఆ తల్లి తన ఇల్లు వదిలి రాలేదు, కాబట్టి మానుకోట ఇంట్లో కాలుపెట్టిన మొదటి ఆడమనిషి నానమ్మే. మామగారు మంచివాడే కానీ ఇంటికి ఎవరొచ్చినా "మా సారంగు కూతురు" అనే చెప్పేవాడు. కోడలు అని ఆయన నోట వినలేదట.

నానమ్మ తెలుగు అంగడి తెలుగు. తండా నుంచి ఎండుచేపల కోసం వచ్చే ఒక లంబాడి అవ్వతో కూర్చొని నేర్చుకుంది. ఆ అవ్వకూ తెలుగు ఇంటిభాష కాదు. ఇద్దరూ తమది కాని భాషలో యాభై ఏళ్ళు తిట్టుకొని, నవ్వుకొని, పిల్లల పెళ్ళిళ్ళు మాట్లాడుకున్నారు. నానమ్మకు కోపం వచ్చినా, గట్టి మాట చెప్పాలన్నా తమిళం వదిలి ఆ తెలుగులోకే వచ్చేది. తాతకు తెలుగు అంత ధాటిగా రాదు, వాదనలో ఆవిడదే పైచేయి.

మా మగవాళ్ళు చాప పరచుకొనే రకం కాదు. ఎవరో పరిస్తే నిలబడే రకం. నమాజు గదిలో ఐదు పూటలా తుంగచాపలు పరిచేది నానమ్మే, ఆ పనికి ఇంకొకరిని రానిచ్చేది కాదు. మేమెవరమైనా చాపను గోడకు సమంగా సర్దబోతే మోచేతి మీద చిన్నగా కొట్టేది. ఒకసారి తండా అవ్వ గడప బయట చేపల బుట్ట దించుకొని లోపలికి తొంగిచూసి, "సేటమ్మా, ఇంత పెద్దింటి దానివి, చాప సక్కగ పరువరాదా? ఎప్పుడు జూసినా వంకరనే" అన్నది. "నీ కన్ను వంకర పోయింది" అన్నది నానమ్మ. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు ఇరవై దాటింది, డిగ్రీ చదివాను, కోణాలు బాగా వచ్చు. అయినా చాపను చాపగానే చూశాను.

ఆ ఎండాకాలంలోనే తాత నమాజు గదిలో పాత గచ్చు తవ్వించి షాబాదు బండలు వేయించాలనుకున్నాడు. పని మొదలుపెట్టే రోజు ఇమాం సాబును పిలిచాడు. ఆయన దువా చేశాక, హజ్ నుంచి ఎవరో తెచ్చిచ్చారంటూ జేబులోంచి చిన్న దిక్సూచి తీశాడు. లోపల కాబా బొమ్మ ఉంది, చూడముచ్చటగా ఉంది. చూపించాలనే సరదా తప్ప ఆయన మనసులో ఏమీ లేదు. దాన్ని గోడకు ఆనించాడు. ముల్లు ఊగి నిలబడింది. ఆయన నవ్వు ఆగింది. గబుక్కున మూత వేసి జేబులో పెట్టుకున్నాడు.

తాత చూశాడు. "తీయండి సాబ్" అన్నాడు.

"జర ఇటు అటు ఉంటది సేటు సాబ్, గీ చిన్న డబ్బీల నమ్మకమేంది?"

"తీయండి."

ముల్లు మళ్ళీ అదే చెప్పింది, గోడ మక్కా వైపు లేదని. ఇమాం సాబు తాత భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం పరేషాన్ కాకుండ్రి. మా దాంట్ల ఆ దిక్కు మొఖం పెడితే చాలు, చెక్కినట్టు ఉండాల్నని లేదు."

"మీ దాంట్లో లేదు" అన్నాడు తాత. "మా దాంట్లో ఉంది."

తాత ఆ రోజు నుంచి గదికి తాళం వేశాడు. మా పెద్దలు చెప్పిన ప్రకారం, దిక్కు తప్పిందని తెలిస్తే చేసిన నమాజులు మళ్ళీ చెయ్యాలి. నలభై అయిదేళ్ళ నమాజులు, రోజుకు ఐదు. డెబ్భై దాటిన మనిషి నడిమింట్లో ఒక మూల నిలబడి ప్రతి నమాజుకూ ఇంకో నమాజు కలిపి చేయడం మొదలుపెట్టాడు. మోకాళ్ళు వాచాయి. లేచేటప్పుడు గోడ పట్టుకొనేవాడు, మేము చెయ్యి ఇస్తే పట్టుకొనేవాడు కాదు. తన సంగతికంటే ఆయనను తిన్నది ముత్తాత సంగతి. తాను బతికున్నాడు, మళ్ళీ చేసుకుంటాడు. ఆ గది కట్టి, దానిలోనే జీవితమంతా నిలబడి పోయినవాడి మాటేమిటి? ఒకరోజు అన్నం ముందు కూర్చొని, "మా నాయిన నమాజు అంతా ఎటు పోయింది?" అని నన్ను అడిగాడు, నేను డిగ్రీ చదివాను కాబట్టి నాకు తెలుస్తుందన్నట్టు. నేను నానమ్మ వైపు చూశాను. ఆవిడ ఆయన కంచంలో పచ్చడి వేసింది. ఎంత రాతి మనిషి అనుకున్నాను.

నానమ్మ క్యాలెండరు చూస్తున్నదని నాకు తట్టలేదు.

రోహిణి కార్తె వచ్చింది. మానుకోటలో ఆ ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, మిర్చి యార్డులో కూలీలు కూడా మధ్యాహ్నం నీడకు చేరేవాళ్ళు. ఒకరోజు రెండున్నర దాటాక నానమ్మ కారం దంచే రోకలి తీసుకొని పెరట్లోకి పోయింది. ఎండలో, వట్టి కాళ్ళతో. నన్ను పిలిచి గడ్డపారతో గుంత తీయమంది. రోకలిని గుంతలో నిలబెట్టి, దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీసి, నిట్టనిలువుగా ఉందో లేదో చూసింది. తర్వాత తాతను పిలిచింది. తాత రానన్నాడు. నానమ్మ తెలుగులోకి వచ్చింది.

"వస్తవా, రోకలి పీక్కొని నేనే లోపలికి రావాల్నా?"

తాత వచ్చాడు, తల మీద తువ్వాలు వేసుకొని. ఇంట్లో గోడ గడియారం మూడుకు పావుగంట తక్కువ చూపిస్తోంది. రోకలి నీడ తూర్పుగా, కొంచెం దక్షిణానికి వాలి, నేల మీద పడి ఉంది.

"ఇయ్యాల ఈ ఏళకు మక్కల సూర్యుడు నడినెత్తి మీద ఉంటడు" అన్నది నానమ్మ. "మా వాప్పా చెప్పిండు. పడవ ఏ నీళ్ళల్ల ఉన్నా, ఈ రోజు ఈ ఏళకు కొయ్య నీడ చూసుకునేటోడు. నీడ కొస కాడ నిలబడి కొయ్య దిక్కు చూస్తే అదే కిబ్లా. ఏ డబ్బీ అక్కెర లేదు. నిలబడు."

తాత నీడ కొసన నిలబడ్డాడు. ఎదురుగా రోకలి, రోకలి పైన సూర్యుడు. ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. "ఇది నీకు ఎప్పుడు తెలుసు?" అన్నాడు.

"నేనచ్చిన మొదటి రోహిణిలనే. గిదే పెరట్ల, గిదే రోకలితోని."

"నలభై అయిదేళ్ళు! ఒక్క మాట చెప్పలేదు."

"ఎవలకు చెప్పాలె? మూడు పడవల సామికి, నీ గోడ తప్పని జీతగాని బిడ్డ చెప్పాల్నా? చెప్తే ఇంటుండెనా మీ నాయిన? నువ్వు ఇంటుండెనా?"

వినేవాడు కాదని తాతకు తెలుసు, నాకూ తెలుసు. సారంగు కూతురు అనే మాటను మేమూ తేలిగ్గానే వాడేవాళ్ళం, ఏ చెడూ తలచకుండా. అది ఇంకా ఘోరం అనుకుంటాను.

"అందుకని మమ్మల్ని ఇన్నేళ్ళు తప్పు దిక్కున నిలబెట్టావు" అన్నాడు తాత.

నానమ్మ ఆయనను వింతగా చూసింది. "ఎప్పుడన్న చాప నువ్వు పరుచుకున్నవా?"

అప్పుడు కూడా మాకు అర్థం కాలేదు. ఆవిడ చెయ్యి చాచి, బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా కొలత చూపించింది. "తల దిక్కు జానెడు ఎడమకు. రోజుకు ఐదుసార్లు. మీ నాయినది, నీది, పిల్లలది. గోడ మీది, చాప నాది. మీరు చాప మీద నిలబడ్డరు, గోడ మీద నిలబడలే. ఒక్క నమాజు తప్పలేదు నీది. మోకాళ్ళు ఊరికెనే పాడు చేసుకున్నవు."

"మరి మొన్న ఎందుకు చెప్పలేదు? ఇరవై రోజులు..."

"నా మాట అయితే ఇనవు. సూర్యుడు చెప్తే ఇంటవని ఆగిన."

తాత నీడ కొసనే నిలబడి ఉన్నాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు, "నువ్వు రాకముందు? అప్పుడు నాయిన ఒక్కడే కదా, అవి?" అన్నాడు.

నానమ్మ రోకలి ఊపి పీకి, మట్టి దులిపింది. "అవి అల్లా చూసుకుంటడు. అప్పుడు ఆయనకు చాప పరిచెటోళ్ళు లేకుండిరి గద" అన్నది.

ఆ సాయంత్రం తాత గది తాళం తీసి, తన జీవితంలో మొదటిసారి చాప తానే పరిచాడు. ఆవిడ చాప కూడా వెనుక పరిచాడు. రెండింటినీ జాగ్రత్తగా, జానతో కొలిచి, ఎడమకు తిప్పాడు. నానమ్మ వచ్చి చూసి, కాలి బొటనవేలితో ఆయన చాపను రెండు వేళ్ళు కుడికి జరిపింది. "ఎక్కువైంది" అన్నది. మర్నాడు మేస్త్రి దారం పట్టుకొని, "సేటు, బండలు గోడకు సూటి పట్టాల్నా?" అని అడిగితే, తాత "గోడ మా నాయినది, దాన్ని ముట్టకు. బండలు అమ్మ చెప్పినట్టు వెయ్యి" అన్నాడు. నానమ్మ చేతిలో దారం కొస పట్టుకొని కూర్చుంది. మేస్త్రి రెండు రోజులు తిట్టుకుంటూ అంచు బండలన్నీ ఏటవాలుగా కోశాడు. అలా ఆ గదికి మూడు దిక్కులు వచ్చాయి. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా తాత బండలు చూపించి, "మా ఇంటావిడ దిక్కు" అని చెప్పేవాడు. రొయ్యల కూర తింటూ ఇమాం సాబు ఈ కథ ఊరంతటికీ చెప్పాడు, తన డబ్బీ కూడా అదే చెప్పిందని కలుపుకొని.

తాత, నానమ్మ ఒక ఏడాది తేడాలో పోయారు. తర్వాత ఐసు లారీలు వచ్చాయి, పచ్చిచేప పల్లెపల్లెకూ చేరింది, ఎండుచేప పేదవాసన అయిపోయింది. నాన్న గోదాము అమ్మి ఐసు కొట్టు పెట్టాడు, ఐసు ఆయన చేతిలో నిలవలేదు. నేను ఇంతకాలం ఆ ఇంటికి వారసుణ్ణని నిటారుగా తిరిగాను కానీ, మా ఆచారం ప్రకారం ఇల్లు నాది కాదు, చెల్లెలిది. భూపాలపల్లిలో ఉంటుంది. సంతకం సంగతి మాట్లాడటానికి పోయినప్పుడు, చెల్పూరు కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు దాటేదాకా ఆమెకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆమె నాకంటే ముందే తేల్చుకుంది. "అమ్మేద్దాం, అన్నా. కూలిపోతే ఎవరం చూస్తం? రోకలి మాత్రం నువ్వు తీస్కపో, నాకు మిక్సీ ఉన్నది" అన్నది. ఏడుస్తూనే అన్నది.

రోకలి ఇప్పుడు జనగామలో మా అద్దె ఇంటి డాబా మీద ఉంది. ఈసారి రోహిణి కార్తెలో దాన్ని ఇసుక బకెట్టులో నిలబెట్టాను. మూడు కొట్టడానికి పావుగంట ముందు నీడ తూర్పుగా, కొంచెం దక్షిణానికి వాలింది. ఇన్నేళ్ళు గడిచినా ఆ నీడకు ఆ వేళ గుర్తుంది. నీడ కొసన నిలబడి చూసుకొని, కిందికి వచ్చి, చాప నేనే పరుచుకున్నాను.

ఇంటికి, పెరటికి, ఆ బండలకు మొన్న రిజిస్ట్రీ అయిపోయింది.